సొరుగు ఖాళీ చేద్దామా?

అక్క: సొరుగుకు నేను పెట్టే పరీక్ష ఒకటే తమ్ముడూ. అడిగిన కాగితం అడిగిన పూట చేతికి రావాలి. మీ ఇంట్లో ఏ సొరుగూ ఆ పరీక్షలో నెగ్గదు. పోయినేటి మిర్చి అమ్మకం పట్టీల కింద నాన్న కళ్ళజోడు, దాని కింద ఎప్పుడో రద్దయిన రేషన్ కార్డు, పిల్లల టీకాల చీటీ, వాడగా మిగిలిన పత్తి విత్తనాల ప్యాకెట్టు, పనిచేయని ఛార్జర్లు, ఏ తాళానివో తెలియని తాళంచెవులు. కూర్చుని సర్దితే సగానికి సగం బయటికి పోతుంది. పోతే పోనీ అంటాను నేను.

తమ్ముడు: ఛార్జర్లు, తాళంచెవులు నీ ఇష్టం, పారెయ్. కాగితం దగ్గర మాత్రం ఆగాలి. నీది జీతం వచ్చిన ఇల్లు. నువ్వు బడిలో పాఠం చెప్పావనడానికి సర్వీసు రిజిస్టరు ఉంది, పింఛను లెక్క ఖజానా ఆఫీసులో ఉంది. ఇంట్లో ఒక్క ముక్క లేకపోయినా నువ్వెవరో ప్రభుత్వానికి తెలుసు. నా సంగతి అది కాదు. ఈ చేను నేనే చేస్తున్నానని, ఈ విత్తనం ఫలానా కొట్లోనే కొన్నానని, ఈ సరుకు నాదేనని, ఆ అప్పు తీర్చేశానని అడిగిన ప్రతిచోటా నేనే రుజువు పట్టుకెళ్ళి చూపించాలి. నా దగ్గర లేకపోతే ఆ రుజువు ఇంకెవరి దగ్గరా ఉండదు. నాకున్న రికార్డు రూము ఈ సొరుగే.

అక్క: రికార్డు రూము అన్నావు గనక అడుగుతున్నాను, ఇందులో ఏముందో ఈమధ్య ఎప్పుడైనా చూశావా? ఎరువుల కొట్లో వేలిముద్ర వేయించుకుని మిషన్లోంచి చీటీ చించి ఇస్తారే, ఆ చీటీలు 2018 నుంచీ కట్టలు కట్టి, రబ్బరు బ్యాండు వేసి దాచావు. విప్పి చూడు. చాలావరకు తెల్లకాగితాలు. ఆ మిషను సిరాతో రాయదు. కాగితానికి పూసిన మందు వేడికి నల్లబడితే అదే అక్షరం. ఎండకూ వేడికీ అది కొన్నాళ్ళలో వెలిసిపోతుంది. మన రేకుల గదిలో మే నెల ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. రుజువు ఉందన్న ధైర్యం నీకు మిగిలింది, రుజువు ఎప్పుడో పోయింది.

తమ్ముడు: ఎరువుల చీటీల సంగతి ఒప్పుకుంటా. చేత్తో రాసిచ్చిన విత్తనాల బిల్లు మాత్రం పోలేదు, దాని విలువ నీకు తెలియాలి. మొక్క ఏపుగా పెరిగింది, కాయ పట్టలేదు అనుకో. ఫిర్యాదు ఇస్తే వ్యవసాయాధికారి వస్తాడు, లాం పరిశోధన కేంద్రం నుంచి శాస్త్రవేత్తలు వచ్చి చేను చూస్తారు. అందరూ ముందు అడిగేది బిల్లే. దాని మీద రకం పేరు, లాటు నంబరు, కొట్టు పేరు ఉంటాయి. అవి లేకపోతే చేలో నిలబడి ఎంత మొత్తుకున్నా అది ఎవరి విత్తనమో తేలదు. 2012లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఒకటుంది. జాతీయ విత్తన సంస్థ మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు వినియోగదారుల ఫోరంలో నష్టపరిహారం గెలిచారు. విత్తనాన్ని పరీక్షకు పంపకుండా పరిహారం ఎలా ఇస్తారని సంస్థ వాదించింది. కొన్న గింజంతా చేలో వేసే రైతు, అది చెడిపోతుందని ముందే ఊహించి గుప్పెడు పక్కన దాచి ఉంచుతాడని ఎలా అనుకుంటామని కోర్టు ఆ వాదనను తోసేసింది. రైతు కూడా వినియోగదారుడేనని తేల్చింది. గింజ దాచకపోయినా చెల్లుతుంది అక్కా. కొన్నామని మాత్రం చూపించుకోవాలి.

అక్క: ఆ వినియోగదారుల చట్టాన్నే ఇంకొంచెం ముందుకు చదువు. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్ళు. నిరుటి బిల్లు ఉంచు, అంతకుముందేటిది ఉంచు, అనుమానం ఉంటే ఇంకో ఏడుది కూడా ఉంచు. నీ సొరుగులో 2009 నాటి బిల్లు ఉంది. ఆ ఏటి పత్తి ఏరడం, అమ్మడం, ఆ డబ్బు ఖర్చయిపోవడం అన్నీ అయి పదిహేనేళ్ళు దాటింది. అది పనికిరాకుండా ఊరికే పడి ఉంటే నాకు బాధ లేదు. దాని వల్ల నిరుటి బిల్లు దొరకడం లేదు, అదీ నా బాధ.

తమ్ముడు: గడువు తీరిందని మనం అనుకుంటాం. అడిగేవాళ్ళు అనుకోవద్దూ? అగ్రిగోల్డ్ డిపాజిట్ల సంగతి గుర్తు తెచ్చుకో. కూలికి వెళ్ళే ఆడవాళ్ళు కూడా నెలకింత అని కట్టిన డబ్బు అది. కంపెనీ చెల్లింపులు ఆగిపోయాక ఆ బాండు ఎందుకూ కొరగాని కాగితం అయిపోయింది. అప్పుడు నీలాంటి వాళ్ళెవరైనా ఆ ఇళ్ళలో సొరుగులు సర్ది ఉంటే ముందు అదే పోయేది. 2019 నవంబరులో గుంటూరులో సభ పెట్టి పదివేల లోపు డిపాజిట్లు ప్రభుత్వం తిరిగివ్వడం మొదలుపెట్టింది. 2021 ఆగస్టులో ఇరవైవేల లోపు వాళ్ళకూ ఇచ్చింది. ఏళ్ళ తరబడి చచ్చిపడి ఉన్న కాగితానికి ప్రాణం వచ్చింది. 2014 రుణమాఫీ పత్రాలు కూడా నా దగ్గర అలాగే ఉన్నాయి. నాలుగు, ఐదు విడతలు రాలేదు. వస్తాయని కూడా నేను అనుకోవడం లేదు. చించడానికి మాత్రం చెయ్యి రాదు.

అక్క: అగ్రిగోల్డ్ బాండు దాచినవాళ్ళలో కూడా అడిగిన రోజున పట్టుకోగలిగినవాళ్ళకే పనికొచ్చింది కదా. నేను అన్నీ తగలబెట్టమనడం లేదు. జపాన్‌లో మేరీ కోండో అనే ఆవిడ ఇల్లు సర్దడం మీద ఒక పుస్తకం రాస్తే దేశదేశాలవాళ్ళు చదివారు. కాగితాల దగ్గర ఆవిడ చాలా కఠినంగా ఉంటుంది. ఇప్పుడు వాడుతున్నవి, కొంతకాలం కావలసినవి, ఎప్పటికీ ఉంచాల్సినవి అని మూడే రకాలు. ఈ మూడింట్లోకి రానిదాన్ని పారేయమంటుంది. నీ బాండ్లూ మాఫీ పత్రాలూ రెండో రకంలో పెట్టుకో, ఒక కవరులో వేసి పైన రాసుకో. రాయడానికి ఎంతసేపు పడుతుంది?

తమ్ముడు: ఆవిడ లెక్క జీతం వచ్చే ఇళ్ళకు సరిపోతుంది. మన దగ్గర ఒకే కాగితం ఆ మూడు రకాల మధ్యా తిరుగుతూ ఉంటుంది. మిర్చి యార్డులో ధర బాగా లేకపోతే టిక్కీ బస్తాలు కోల్డ్ స్టోరేజీకి తోలతాం. వాళ్ళిచ్చిన బాండు బ్యాంకులో పెట్టి అప్పు తెస్తాం. 2025 మొదట్లో మిర్చి ధర ఎలా పడిపోయిందో చూశావు. ఫిబ్రవరిలో కేంద్రమే మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలని ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడు లోపల పెట్టిన సరుకు, మళ్ళీ పంట చేతికొచ్చినా బయటికి తీయబుద్ధి కాదు. ఆ బాండు ఏ రకం కిందికి వస్తుంది? ఆ ప్రకటన విన్న రోజున నేను ముందు చూసుకున్నది అమ్మిన తేజ రకం కాయల పట్టీలు ఉన్నాయా లేవా అని. టిక్కీలు ఎన్ని, తూకం ఎంత, ధర ఎంత, కమీషనూ హమాలీ పోను చేతికి వచ్చింది ఎంత, అన్నీ దాని మీదే ఉంటాయి. రేపు ఏ పథకం వచ్చినా అడిగే మొదటి ప్రశ్న అదే.

అక్క: బాండు బతికున్న కాగితమే, నేను కాదనను. సరుకు లోపల ఉన్న బాండూ, సరుకు తీసేసిన పాత బాండు నకళ్ళూ ఒకే కట్టలో ఎందుకున్నాయని నా ప్రశ్న. బ్యాంకు వాళ్ళు పిలిచిన రోజున ఏది ఇవ్వాలో నీకు తెలియాలి కదా.

తమ్ముడు: ఆ మాట సరే, విడదీస్తాను. పొలం కాగితాలకు ఏం చెబుతావు? పర్చూరు దగ్గర మన తాతల చేను దస్తావేజు తీసి చూడు. ఆంధ్ర రాష్ట్రం రాకముందుది, అందులో మనం మద్రాసు రాష్ట్రం, గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది, తర్వాత దానికే ప్రకాశం పేరు పెట్టారు. నాన్న పాసు పుస్తకంలో ప్రకాశం జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. చేను మాత్రం ఉన్నచోటే ఉంది. ఊరి లెక్కలు 1984 దాకా కరణం గారింటి పెట్టెలో ఉండేవి. ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలు తీసేశాక ఆ దస్త్రాలన్నీ ఆఫీసుకు చేరలేదన్న మాట ఊళ్ళలో ఇప్పటికీ వింటాం. 2020 డిసెంబరులో రీసర్వే మొదలైంది. అయిన ఊళ్ళలో పాత సర్వే నంబర్లు పోయి కొత్తగా ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి, విస్తీర్ణం తగ్గిందని అర్జీలు పడ్డాయి. 2023లో భూ హక్కుల చట్టం అమల్లోకి తెచ్చారు, 2024లో రద్దు చేశారు. ఇన్ని మార్పుల్లో ఒక్కోసారి ఒక్కో పాత కాగితం తెమ్మన్నారు. ఎప్పటికీ ఉంచాల్సింది ఏదో ముందే తెలిస్తే ఇంత పోగెయ్యాల్సిన అవసరం నాకేముంది?

అక్క: పొలం కాగితం అసలు సొరుగులో ఉండాల్సిన వస్తువు కాదు. నల్లరేగడి నేల మనది, గోడ వెంట చెద ఎక్కుతుంది. 1977 నవంబరు ఉప్పెనలో బాపట్ల, రేపల్లె వైపు ఇళ్ళకు ఇళ్ళే పోయాయి, సొరుగులో కాగితాలు ఎక్కడ మిగులుతాయి? రిజిస్టరైన దస్తావేజుకు నకలు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దొరుకుతుంది. 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్ల ఈసీ ఆన్‌లైన్లోనే చూసుకోవచ్చు. అసలు దస్తావేజు బ్యాంకు లాకరులో పెట్టు, నకలు ఇంట్లో ఉంచు. ఇల్లు తగలబడినా పొలం నీదేనని చెప్పే చోటు ఇంకొకటి ఉంది. నువ్వు సొరుగు మీద పెట్టుకున్న నమ్మకంలో సగం ఆ చోటు మీద పెట్టు.

తమ్ముడు: రిజిస్టరైనదానికి నువ్వన్నది సరిపోతుంది. అన్నదమ్ములు తెల్లకాగితం మీద రాసుకున్న పంపకాల జాబితాకు నకలు ఎక్కడుంటుంది? అదీ వదిలెయ్. నేను చేసేదాంట్లో సొంతం కొంచెం, కౌలు ఎక్కువ. ఈ సీమలో సగం మంది సంగతి అంతే. కౌలుదారుకు 2011లో రుణ అర్హత కార్డు అన్నారు. 2019లో సాగుదారు హక్కు పత్రం అన్నారు, దాని గడువు 11 నెలలు. భూమి యజమాని సంతకం పెడితేనే అది వస్తుంది. సంతకం పెడితే పొలం చేజారుతుందేమోనని వాళ్ళ భయం. వాళ్ళను నేను తప్పుపట్టను, వాళ్ళూ మనలాంటివాళ్ళే. కానీ కార్డు రాదు. కౌలు మాట నోటిమాటగానే నడుస్తుంది. నేను కౌలు చేలో మూడేళ్ళుగా మిర్చి వేస్తున్నానని ఏ రిజిస్టరులోనూ లేదు. నా పేరున రాసిన విత్తనాల బిల్లు, నా పేరున పడ్డ పట్టీ, నా పేరున ఇచ్చిన కోల్డ్ స్టోరేజీ బాండు, ఇవే నేను రైతుననడానికి ఆధారం. 2009 బిల్లు చెత్త అన్నావు. ఆ ఏడు కౌలుకు పట్టిన చేను నేనే చేశానని ఈ లోకంలో చెప్పగలిగే సాక్షి అదొక్కటే.

అక్క: దీనికి నా దగ్గర జవాబు లేదు తమ్ముడూ. పట్టా ఉన్నవాడి సొరుగూ కౌలుదారు సొరుగూ ఒకటి కావు. నా లెక్కలో ఆ తేడా లేదు, ఉండాల్సింది. ఆ బిల్లులు ఉంచు.

అయితే ఆ మాట మీదే నిన్ను ఇంకొకటి అడుగుతాను. ఏ కాగితం ఎక్కడుందో ఎవరికి తెలుసు? నీకు తెలుసు. చెయ్యి పెట్టి, చూడకుండా, ఎడమ మూల అడుగునుంచి లాగుతావు. నీకు ఈ సొరుగు గందరగోళంగా అనిపించదు, ఎందుకంటే దీని పట్టిక నీ బుర్రలో ఉంది. మరదలికి తెలుసా? మిరపకాయలు కోయించేది ఆమె, కల్లంలో ఆరబెట్టించేది ఆమె, తాలుకాయ ఏరించేది ఆమె. కాగితం మాత్రం నీ చేతిలోంచి సొరుగులోకి పోతుంది. నీకు జ్వరం వచ్చి గుంటూరు పెద్దాసుపత్రిలో నెలరోజులు పడుకుంటే బ్యాంకు వాళ్ళు అడిగిన బాండు ఎవరు తియ్యాలి?

ఇంకా కష్టమైన మాట చెబుతాను, ఏమీ అనుకోకు. రైతు ప్రాణం తీసుకున్న ఇంటికి పరిహారం ఇచ్చే 421 జీవో 2004 జూన్‌లో వచ్చింది. డివిజన్ స్థాయిలో ఆర్డీవో, పోలీసు అధికారి, వ్యవసాయాధికారి ఉన్న కమిటీ వచ్చి విచారిస్తుంది. భర్త పోయి వారం కాని ఆడమనిషిని వాళ్ళు అడిగేవేమిటి? అప్పు ఎంత, ఎవరి దగ్గర, ప్రాంసరీ నోటు ఏది, ఆ చేను ఆయనే చేశాడనడానికి ఆధారం ఏది. ఆమె వెళ్ళి ఇలాంటి సొరుగే లాగుతుంది. లాగితే ఏముంటుంది? తెల్లబోయిన ఎరువుల చీటీలు, తాళంచెవులు, 2009 బిల్లు. కావలసిన నోటు ఏ అడుగునో ఉంటుంది, ఉందని కూడా ఆమెకు తెలియదు.

తమ్ముడు: ఆ కమిటీ అడిగే కాగితాలే కదక్కా నేను దాచేది.

అక్క: దాచేది నువ్వు. తియ్యాల్సింది ఆమె.

తమ్ముడు: అంత దూరం నేను ఆలోచించను. ఆలోచిస్తే చేలోకి వెళ్ళలేను. కానీ నువ్వన్నది అబద్ధం కాదు. ఆమెకు చెప్పాలి.

అక్క: చెప్పడంతో సరిపోదు, చూపించాలి. మనం ఆ మాట దాకా వచ్చాం గనక సొరుగులో ఉన్న ఇంకో వస్తువు గురించి కూడా మాట్లాడదాం. విత్తనాల ప్యాకెట్టు పక్కన, సగం వాడి మూతి మడిచిన పురుగుమందు ప్యాకెట్టు ఉంది. ఖరీదైన మందు, వచ్చే పిచికారీకి పనికొస్తుందని పెట్టావు. పెట్టే ప్రతి ఇంట్లోనూ ఇదే మాట. ఆ విత్తనానికి పూసిన రంగు కూడా మందే, మిఠాయి రంగులో ఉంటుంది, పిల్లలు అదే సొరుగులో పెన్సిలు వెతుక్కుంటారు. పిల్లల సంగతి ఒకటైతే పెద్దవాళ్ళది ఇంకా పెద్ద సంగతి. 1980ల్లో తెల్లదోమ పత్తిని ఊడ్చేశాక గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఏం జరిగిందో నువ్వు చిన్నప్పుడు విన్నావు. చాలా ఇళ్ళలో చేను కోసం కొన్న మందే మనిషిని తీసుకుపోయింది. శ్రీలంకలో బాగా విషమైన మందుల్ని 1995లో, ఎండోసల్ఫాన్‌ను 1998లో ఆపేశాక ఆత్మహత్య మరణాలు ఎంతగానో తగ్గాయి. అక్కడి రైతుల కష్టాలు ఆ ఏళ్ళలో తీరిపోలేదు. చేతికందే విషం తగ్గింది, అంతే. మనిషికి వచ్చే ఆ చెడ్డ గడియ చాలాసార్లు దాటిపోయేదే. దాటేదాకా మందు చేతికి అందకూడదు.

తమ్ముడు: దీని మీద వాదించను. మందు ఇంట్లో ఉండకూడదు. పొలం దగ్గర మోటారు షెడ్డులో తాళం పెట్టే పెట్టె ఉంది, అక్కడికి పోతుంది. అసలు మిగలకుండా ఎకరానికి సరిపడా కొనడమే మంచిది, కానీ కొట్లో అరువుకు ఇచ్చినప్పుడు వాళ్ళు ఎంత ఇస్తే అంత తెచ్చుకునే పరిస్థితి మాది.

అక్క: ఆ అరువు మాటే అడగబోతున్నాను. తీరిపోయిన ప్రాంసరీ నోట్లు ఎందుకు దాచావు? అప్పు తీర్చి నోటు వెనక్కి తెచ్చుకున్న రోజున చించెయ్యాలని నాన్న అనేవాడు. అది ఇంట్లో ఉంటే తీరని అప్పులాగే కనిపిస్తుంది.

తమ్ముడు: నాన్న కాలంలో ఇచ్చినవాడూ తెచ్చుకున్నవాడూ ఒకే అరుగు మీద కూర్చునేవాళ్ళు. మాట నిలబడేది. నోటుకు మూడేళ్ళు గడువు, మధ్యలో కొంత కట్టి వెనక చెల్లు రాయిస్తే మళ్ళీ మూడేళ్ళు. నేను కట్టిన ప్రతి చెల్లూ ఆ నోటు వెనకే ఉంది. రేపు ఆయన కొడుకు వచ్చి మా నాన్నకు మీరు ఇంకా ఇవ్వాలట కదా అంటే, ఫలానా రోజున ఇంత, ఫలానా రోజున ఇంత అని ఆయన చేతిరాతే చూపిస్తాను. చించేస్తే ఏం చూపించాలి?

అక్క: సంతకం మీద అడ్డంగా కొట్టేసి, తీరిందని రాయించి ఉంచు, ఒప్పుకుంటా. ఖాళీగా సంతకం పెట్టి ఇచ్చిన నోట్లు తిరిగొచ్చినవి మాత్రం చించెయ్. వాటిని పొరపాటున ఎవరైనా చూస్తే లేని అప్పు పుడుతుంది.

తమ్ముడు: అది న్యాయం.

అక్క: మిగిలినవాటికి ఫోను వాడొచ్చు. బిల్లు చేతికొచ్చిన రోజే ఫొటో తీసి మరదలి ఫోనుకూ, పెద్దమ్మాయి ఫోనుకూ పంపు. వెలిసిపోయే చీటీలకు అదొక్కటే దారి. డిజిలాకర్ వచ్చి 2015 నుంచి ఇన్నేళ్ళయింది. ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు లాంటివి అందులోంచి చూపిస్తే చెల్లుతాయి. ఆ మేరకు సొరుగు బరువు తగ్గుతుంది.

తమ్ముడు: ఫొటో తీస్తాను, అది మంచి మాట. ఒరిజినల్ మాత్రం వదలను. కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర ఫోను చూపిస్తే టిక్కీ బయటికి రాదు, బాండు కాగితం ఇవ్వాలి. కోర్టులోనూ ముందు అడిగేది అసలు కాగితాన్నే. ఫోను కాలవలో పడుతుంది, కొత్త ఫోను కొంటే పాత ఫొటోలు పోతాయి. ఒరిజినల్ ఏదీ అని అడగని కౌంటరు ఉంటే చెప్పు, ఆ ఆఫీసు కాగితాలు అన్నీ ఇప్పుడే ఇచ్చేస్తాను.

అక్క: సరే, అన్నిటికన్నా మందంగా ఉన్నది పట్టీల కట్ట. ఇరవై ఏళ్ళవి ఉన్నాయి. వాటిలో నీ సొంత పొలానివి కూడా ఉన్నాయి, కౌలు రుజువు అనడానికి లేదు. నాన్న లెక్కల పుస్తకం ఉంది కదా. తెల్లదోమ ఏళ్ళలో ఎన్నిసార్లు మందు కొట్టాడో, ఎంత అప్పు తెచ్చాడో తన చేత్తో రాసుకున్నాడు. అది ఎప్పటికీ ఉండాలి, దాన్ని సొరుగులోంచి తీసి బీరువా పై అరలో గుడ్డ చుట్టి పెడదాం. నువ్వూ అలాంటి పుస్తకం ఒకటి పెట్టు. ఏడాదికి ఒక పేజీ. 334 రకం ఎన్ని టిక్కీలు, తేజ ఎన్ని, ఎంత ధర, ఖర్చు ఎంత. రాసుకున్నాక పట్టీలు తీసెయ్. వందల చీటీలు చెప్పేది ఒక పుస్తకం చెబుతుంది, పిల్లలు చదవడానికీ వీలుగా ఉంటుంది.

తమ్ముడు: పుస్తకం పెడతాను. పట్టీలు తియ్యను. పుస్తకంలో ఉండేది నా మాట. పట్టీ మీద ఉండేది కొన్నవాడి లెక్క, అతని కొట్టు ముద్ర. నా మాట ఎవరు నమ్మాలి? ఇంకో సంగతి ఉంది. 2006లో బీటీ పత్తి విత్తనాల ప్యాకెట్టు ధర ఎక్కువని రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్యాల మీద విచారించే ఎంఆర్‌టీపీ కమిషన్‌కు వెళ్ళింది, ఆ ఏడే 450 గ్రాముల ప్యాకెట్టు 750 రూపాయలకు దిగింది. అంతకుముందు అందుకు రెట్టింపు పైన పోసి కొన్నాం. నా దగ్గర ఆ రెండు ధరల బిల్లులూ ఉన్నాయి. మా అమ్మాయి చూసి, ఇంత తేడానా అని అడిగింది. నేను నోటితో చెప్పినప్పుడు నమ్మలేదు, బిల్లు చూశాక నమ్మింది. ఈ నేల మీద మా దగ్గర ఎంతకు కొన్నారు, మాకు ఎంతకు అమ్మారు అన్నది ఎవరూ మా తరఫున రాసి పెట్టడం లేదు. ఈ చీటీల్లోనే ఉంది.

అక్క: అది నాకూ విలువైనదే. రెండు బిల్లులు ఉంచు, నాలుగు ఉంచు. వందలు ఎందుకు?

తమ్ముడు: ఏ నాలుగో నువ్వు ఇప్పుడు చెప్పలేవు, నేనూ చెప్పలేను. అందుకు.

అక్క: ఏ నాలుగో చెప్పలేమని అన్నీ ఉంచితే చివరికి ఏ ఒక్కటీ చదివేవాళ్ళు ఉండరు. పుస్తకం రాస్తే కనీసం అది చదువుతారు. ఇక్కడ నేను వెనక్కి తగ్గను.

తమ్ముడు: నేనూ తగ్గను. కానీ ఒకటి నువ్వు ఒప్పుకోవాలి. ఈ పోగు నా అలవాటు వల్ల వచ్చింది కాదు, అడిగేవాళ్ళ వల్ల వచ్చింది. సొంత చేనుకు ఈ-పంట నమోదులో పేరు ఎక్కించాను, వేలిముద్ర వేశాను. 2025 సీజన్‌లో పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో మళ్ళీ పేరు, మళ్ళీ పొలం వివరాలు. పొడవు పింజ పత్తికి 8,110 రూపాయల మద్దతు ధర ఉందని చెప్పారు, ఆ ధర అందుకోవడానికి నేను ఎన్నిసార్లు నన్ను నేను రుజువు చేసుకోవాలి? ఒకసారి ఇచ్చిన కాగితం మళ్ళీ అడగబోమని ఏ ఆఫీసైనా రాసివ్వనీ, ఆ రోజు సొరుగు నేనే బోర్లిస్తాను.

అక్క: అడగాల్సిన మాటే, ఊరి సభలో నేనూ నీతో కలిసి అడుగుతాను. వాళ్ళు మారేదాకా మరదలు ఈ సొరుగుతో వేగలేదు. మే నెలలో యార్డుకు సెలవులిస్తారు, కొత్త విత్తనం కొనడానికి ఇంకా టైముంటుంది. ఆ రోజుల్లో కూర్చుందాం. కౌలు బిల్లులు ఒక కవరు, బతికున్న బాండ్లూ అప్పులూ ఒక కవరు, పైన మరదలి చేతిరాత. పొలం కాగితాలు లాకరుకు. పట్టీల సంగతి మనిద్దరికీ తేలలేదు, తేలేదాకా అవి ఉండనీ. మందు ప్యాకెట్టుకు మాత్రం మే నెల దాకా ఆగడానికి వీల్లేదు. ఈ రాత్రికే అది ఇల్లు దాటాలి.